స్టార్ట్ బటన్ పోయినప్పుడు: విండోస్ 8 మీద జనం అసలేమన్నారు?

విండోస్ 8 అమ్మకాలు 2012 అక్టోబరు 26న మొదలయ్యాయి. కొన్నవాళ్ళలో చాలామంది అడిగిన మొదటి ప్రశ్న: "దీన్ని ఆపేదెలా?" అంతకుముందు పదిహేడేళ్ళుగా, అంటే విండోస్ 95 నుంచీ, తెర కింద ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్ నొక్కే కంప్యూటర్‌ను ఆపేవాళ్ళు. కొత్తదాంట్లో ఆ బటన్ లేదు. మౌస్‌ను కుడివైపు మూలకు తోస్తే అంచున అయిదు బొమ్మలు లీలగా తేలతాయి. మౌస్‌ను ఆ అంచు వెంటే జరిపితే నిలుస్తాయి, పక్కకు జారితే మాయమవుతాయి. వాటిలో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మౌస్‌ను మూలకు జరపమని చెప్పే యానిమేషన్ ఒకటి వచ్చేది, నిజమే. అది చూడనివాళ్ళకూ, చూసి మర్చిపోయినవాళ్ళకూ తెర మీద ఇంకెక్కడా ఆ దారి జాడ లేదు.

అలా మొదలైన వాదులాట దాదాపు మూడేళ్ళు సాగింది. ఇప్పుడు గుర్తుచేసుకునేవాళ్ళు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొందరు "జనానికి మార్పంటే భయం" అంటారు, ఇంకొందరు "కంపెనీకి మతి పోయింది" అంటారు. రకరకాల ఫిర్యాదుల్ని ఒకే గాటన కట్టేసే మాటలివి. విండోస్ 8 నచ్చలేదన్నవాళ్ళంతా ఒకే సంగతి చెప్పలేదు. కొన్ని ఫిర్యాదులు వాటంతటవే చల్లారాయి, కొన్ని మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గేదాకా ఆరలేదు, ఒకటైతే ఇప్పటికీ రగులుతూనే ఉంది.

అసలెందుకు మార్చారు

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ బజారుకొచ్చింది. వేలితో తాకి పనిచేసే తెరలు ల్యాప్‌టాప్‌ల మార్కెట్‌ను తినేస్తాయన్న భయం కంప్యూటర్ కంపెనీలన్నిటికీ పట్టుకుంది. అప్పటి విండోస్ విభాగం అధిపతి స్టీవెన్ సినోఫ్‌స్కీ ఎంచుకున్న దారి ఏమిటంటే, ట్యాబ్లెట్‌కూ బల్లమీది కంప్యూటర్‌కూ ఒకటే విండోస్. విండోస్ ఫోన్ 7లో అప్పటికే వచ్చిన పెద్దపెద్ద రంగుల పలకలను, అంటే టైల్స్‌ను, కంప్యూటర్‌లోకి తెచ్చారు. స్టార్ట్ మెనూ ఉండాల్సిన చోట తెరంతా ఆక్రమించే స్టార్ట్ స్క్రీన్ వచ్చింది. ఈ డిజైన్‌కు మొదట మెట్రో అని పేరు. 2012 ఆగస్టులో ఆ పేరు వదిలేశారు గానీ జనం మెట్రో అనడం మానలేదు.

ఈ నిర్ణయం ఏ ఊహల మీద నిలబడిందో చూడాలి. మొదటిది, జనం గోల చేసినా కొన్నాళ్ళకు సర్దుకుంటారన్న నమ్మకం. దీనికి వాళ్ళ దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఆఫీస్ 2007లో పాత మెనూలన్నీ పీకేసి రిబ్బన్ (తెర పైన పరిచిన బొత్తాల పట్టీ) తెచ్చినప్పుడు కూడా తిట్లు మామూలుగా పడలేదు. నిదానంగా అవి తగ్గిపోయాయి, రిబ్బన్ ఇప్పటికీ ఉంది. ఆ రిబ్బన్ డిజైన్‌ను నడిపించిన జూలీ లార్సన్-గ్రీన్, అంతకుముందు ఆఫీస్ విభాగాన్ని చూసిన సినోఫ్‌స్కీ, ఇద్దరూ అప్పటికి విండోస్‌లో ఉన్నారు. ఒకసారి తుపాను దాటినవాళ్ళు రెండోదాన్ని చూసి బెదరరు. నా ఉద్దేశంలో ఆ గెలుపే ఇక్కడ కొంప ముంచింది. రిబ్బన్ బొత్తాల చోటు మార్చిందే గానీ వాటిని దాచలేదు. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి, వెతికితే దొరికేవి. విండోస్ 8 చేసింది వేరు.

రెండో ఆధారం లెక్కలు. అసలు కథ ఇక్కడుంది.

లెక్కలు చెప్పినదీ, చెప్పనిదీ

జనం విండోస్‌ను ఎలా వాడుతున్నారో తెలుసుకోడానికి మైక్రోసాఫ్ట్, ఒప్పుకున్నవాళ్ళ కంప్యూటర్ల నుంచి సమాచారం సేకరించేది. 2011 చివర్లో ఆ లెక్కల్ని బయటపెట్టింది. అంతకుముందరి విండోస్ విస్టాతో పోలిస్తే విండోస్ 7లో స్టార్ట్ మెనూ వాడకం 11 శాతం తగ్గిందట. కారణం ఊహించడం కష్టం కాదు. విండోస్ 7లో రోజూ వాడే ప్రోగ్రాములను కింది టాస్క్‌బార్ మీద అతికించుకునే వీలొచ్చింది. బ్రౌజర్, మెయిల్, ఫైళ్ళ ఫోల్డరు అక్కడే ఉంటే స్టార్ట్ మెనూ దాకా వెళ్ళే పనేముంది? వాడకం తగ్గుతోంది కాబట్టి దాన్ని కొత్తగా మలచవచ్చు అన్నది వాళ్ళ వాదన.

దీని మీద రెండు అభ్యంతరాలు అప్పుడే వచ్చాయి. ఈ సేకరణకు ఎవరు ఒప్పుకుంటారన్నది ఒకటి. పెద్ద ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు ఇలాంటివి కట్టేసి ఉంచడం మామూలే. రోజుకు ఎనిమిది గంటలు విండోస్ ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది ఆ లెక్కలోకే రాకపోవచ్చు.

రెండోది ఇంకా లోతైనది. ఒక వస్తువును ఎన్నిసార్లు వాడామన్న సంఖ్య, అది ఎంత అవసరమో చెప్పదు. ఇంట్లో నిచ్చెన ఏడాదికి ఒకటి రెండుసార్లే తీస్తాం, అలాగని దాన్ని అమ్మేసుకోం. స్టార్ట్ మెనూ పని కూడా అలాంటిదే. రోజూ వాడే ప్రోగ్రాములకు అది అక్కర్లేదు. పేరు కూడా గుర్తులేని ప్రోగ్రాము కావాల్సి వచ్చినప్పుడు, ఈ కంప్యూటర్లో అసలేమున్నాయో చూడాలనుకున్నప్పుడు, ఏం చెయ్యాలో తోచనప్పుడు వెళ్ళే చోటు అది. వాడకం తగ్గడమంటే అది అనవసరమైందని కాదు, మామూలు పనులు టాస్క్‌బార్‌కు మారి, దిక్కుతోచని క్షణాలు మాత్రం దానికి మిగిలాయని. ఆ క్షణాల్లో మనిషికి కావాల్సింది తెలిసిన చోటు.

ఇంకో సంగతి ఏ లెక్కలోనూ పడదు. పాత మెనూ తెరలో ఒక మూల మాత్రమే తెరుచుకునేది. చదువుతున్న పేజీ, రాస్తున్న ఉత్తరం వెనకాల కనిపిస్తూనే ఉండేవి. కొత్త స్టార్ట్ స్క్రీన్ వాటన్నిటినీ కప్పేసేది. "ఫలానా ప్రోగ్రాము తెరిచి, ఇది టైప్ చెయ్యండి" అని రాసిన సూచన చదువుతూ ఆ ప్రోగ్రాము కోసం వెళ్తే, సూచనే కనపడకుండా పోతుంది. ఒక్కో సందర్భంలో ఇది రెండు సెకన్ల చికాకే. రోజుకు ముప్ఫై సార్లు జరిగితే దాన్ని చికాకు అని సరిపెట్టలేం.

ఫిర్యాదుల్లో రకాలు

అన్నిటికన్నా గట్టిగా వినిపించింది కనపడకపోవడం గురించే. మూలల్లో దాగిన ఆదేశాలు, అంచుల్లో దాగిన మెనూలు. ట్యాబ్లెట్ మీద అంచు నుంచి వేలు లోపలికి లాగడం తేలిక, చేతికి అంచు తగులుతూనే ఉంటుంది. మౌస్‌తో ఒక చిన్న మూలను గురిచూసి కొట్టడం అలా కాదు. రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళ అవస్థ మరీనూ: మూలకని తోసిన మౌస్ అక్కడ ఆగకుండా పక్క తెరలోకి దూకేసేది.

వాడుక సౌలభ్యం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 2012 నవంబరులో తన పరీక్షల ఫలితాలు రాశాడు. కంప్యూటర్ బాగా తెలిసిన పన్నెండు మందిని కూర్చోబెట్టి చూశాడు. సెట్టింగ్స్ పట్టీ అడుగున కంప్యూటర్ సెట్టింగ్స్ మార్చడానికి ఒక ఆదేశం ఉంటే, దాన్ని నొక్కవచ్చని కొందరికి తట్టలేదు. అంతా చదునుగా, నీడా గీతా లేకుండా ఉండటంతో అది పై బొమ్మలకు పెట్టిన శీర్షికలా కనిపించింది. పన్నెండు మంది చాలా తక్కువ కదా అనిపించవచ్చు. ఎంత శాతం మందికి నచ్చిందో తెలుసుకోడానికైతే తక్కువే. ఎక్కడ తడబడుతున్నారో పట్టుకోడానికి మాత్రం అంతమంది చాలు.

రెండో రకం, ఒకే కంప్యూటర్లో రెండు కంప్యూటర్లు ఉండటం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్లు రెండుండేవి, మెట్రోలో ఒకటి, పాత డెస్క్‌టాప్‌లో ఒకటి. ఒకదాంట్లో తెరిచిన ట్యాబ్‌లు రెండోదాంట్లో కనపడవు. సెట్టింగ్స్ కొన్ని కొత్త చోట, మిగతావి పాత కంట్రోల్ ప్యానెల్‌లో. డెస్క్‌టాప్ మీదున్న ఫొటోను డబుల్ క్లిక్ చేస్తే కిటికీలన్నీ మాయమై తెరనిండా ఫొటోల యాప్ తెరుచుకునేది. దాన్ని మూసే గుర్తు కూడా పైన ఉండేది కాదు, తెర పైఅంచు పట్టుకుని కిందిదాకా లాగాలి. అలవాటైతే పోయే రకం ఇబ్బంది కాదిది. పనిచేస్తున్నంతసేపూ ఏ లోకంలో ఉన్నామో మనసులో ఒక మూల గుర్తుపెట్టుకోవాలి, అంతా నేర్చుకున్నాక కూడా ఆ భారం దిగదు.

మూడోది బలవంతం. ఇది డిజైన్ బాగుందా లేదా అన్న ప్రశ్నే కాదు. 2011 సెప్టెంబరులో డెవలపర్ల కోసం ఇచ్చిన తొలి నమూనాలో, రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో, ఒక విలువ మారిస్తే పాత స్టార్ట్ మెనూ తిరిగొచ్చేది. తరవాతి నమూనాల్లో ఆ దారి మూసేశారు. 2012 ఫిబ్రవరి నమూనా వచ్చేసరికి బటనే పోయింది. అంటే పాతది ఉంచడం చేతకాక కాదు, ఉంచకూడదనుకున్నారు. జనానికి మండింది ఇక్కడే. మీకిష్టమైతే ఇది, లేకపోతే అది అనే మాట విండోస్‌లో చాలాకాలం ఉండేది. విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు కూడా పాత రకం మెనూ కావాలంటే పెట్టుకోనిచ్చారు. ఈసారి కొత్తదాన్ని నెత్తిన రుద్దారు. వెంటనే పాత మెనూను తిరిగి తెచ్చే క్లాసిక్ షెల్ అనే ఉచిత ప్రోగ్రాము, స్టార్ట్8 అనే అయిదు డాలర్ల ప్రోగ్రాము చేతులు మారడం మొదలైంది. ఉచితంగా ఉన్నదాన్ని డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవడం కన్నా గట్టి అభిప్రాయం ఇంకేముంటుంది?

నాలుగోది తెర మీద కనిపించని సంగతి, యాప్ స్టోర్. వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ 2012 జులైలో విండోస్ 8ను కంప్యూటర్ రంగానికంతటికీ విపత్తు అన్నాడు. ఆ మాటను స్టార్ట్ బటన్ తిట్లలో కలిపేసి చదివినవాళ్ళు చాలామంది. ఆయన బాధ అది కాదు. మెట్రో యాప్‌లు మామూలు జనానికి చేరాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ గుండానే పోవాలి, అమ్మకంలో వాటా ఇచ్చుకోవాలి. స్టీమ్ పేరుతో సొంతంగా ఆటల దుకాణం నడుపుతున్నవాడికి అందులో ప్రమాదం కనపడింది. మాటతో ఆగలేదు కూడా. 2013 ఫిబ్రవరిలో, విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్‌కు స్టీమ్ వచ్చింది, అదే ఏడాది చివర్లో లినక్స్ మీద కట్టిన సొంత వ్యవస్థ స్టీమ్ఓఎస్ తొలి నమూనా వచ్చింది. స్టార్ట్ మెనూ తిరిగొచ్చినా ఈ గొడవ తీరేది కాదు, తీరలేదు.

మెచ్చుకున్నవాళ్ళూ తక్కువేం లేరు. టచ్ తెరలున్న యంత్రాల మీద స్టార్ట్ స్క్రీన్ హాయిగా ఉందన్నారు. తిట్టినవాళ్ళు కూడా లోపలి పనితనాన్ని ఒప్పుకున్నారు. తొందరగా ఆన్ అయ్యేది. ఫైళ్ళ కాపీని మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించవచ్చు. టాస్క్ మేనేజర్‌ను పూర్తిగా కొత్తగా రాశారు, వైరస్ రక్షణ లోపలే ఇచ్చారు. ఇంకొందరిది వేరే జవాబు: "కీబోర్డు మీద విండోస్ మీట నొక్కి కావాల్సిన పేరు టైప్ చెయ్యండి, అంతే." ఇది నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే పేరు తెలిసినవాడికి మాత్రమే. ఈ ఉపాయం చెప్పినవాళ్ళకు అవతలివాళ్ళ మొండితనం అర్థం కాలేదు. అవతలివాళ్ళకు, తమ కష్టాన్ని తెలివితక్కువతనంగా చూస్తున్నారనిపించింది. వాదనలు వేడెక్కింది చాలావరకు అందుకే.

అమ్మకాలతో తేలుతుందా

తేలదు. ఆరు నెలల్లో పది కోట్ల లైసెన్సులు అమ్మామని 2013 మేలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి నెల ముందే, ఆ ఏడాది తొలి మూడు నెలల్లో ప్రపంచమంతా కలిపి కంప్యూటర్ల సరఫరా 13.9 శాతం పడిపోయిందని మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కకట్టింది, పాపంలో కొంత విండోస్ 8దేనని కూడా చెప్పింది. రెండూ నిజమే కావచ్చు. కంప్యూటర్ తయారీదార్లు ముందుగా కొనిపెట్టుకునే లైసెన్సులు కూడా అమ్మకాల్లోకే వస్తాయి. ఇక సరఫరా పడిపోవడంలో ట్యాబ్లెట్ల హస్తం ఎంతో, విండోస్ 8ది ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు. కొత్త కంప్యూటర్‌తోపాటు వచ్చిందాన్ని వాడటం వేరు, కోరుకుని తీసుకోవడం వేరు. అమ్మకాల అంకెలకు ఆ తేడా తెలియదు.

సినోఫ్‌స్కీ మాత్రం విడుదలైన మూడు వారాలు తిరక్కముందే కంపెనీ వదిలేశాడు.

వెనక్కి తగ్గిన తీరు

2013 అక్టోబరులో వచ్చిన విండోస్ 8.1లో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది. నొక్కితే మాత్రం మళ్ళీ ఆ స్టార్ట్ స్క్రీనే. అడిగింది మెనూ, ఇచ్చింది బటన్. జనం మాటను పైపైన విన్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే తిన్నగా డెస్క్‌టాప్‌కు వెళ్ళే వీలు మాత్రం ఇచ్చారు, అది మేలే. 2014 ఏప్రిల్ అప్‌డేట్‌లో స్టార్ట్ స్క్రీన్ మీద పవర్ బటన్ కంటికి కనపడేలా పెట్టారు. అంటే షట్‌డౌన్‌కు దారి చూపించడానికి ఏడాదిన్నర పట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా రావడమంటే ఇదే. చివరికి 2015 జులై 29న విండోస్ 10తోపాటు స్టార్ట్ మెనూ వచ్చింది, పక్కన కొన్ని టైల్స్‌తో.

ఏది చల్లారింది, ఏది చల్లారలేదు అన్నది ఇక్కడ తేటతెల్లమవుతుంది. రంగులు ముతగ్గా ఉన్నాయని, అంతా చదునుగా ఉందని అన్నవాళ్ళు సర్దుకున్నారు. ఆ చదును రూపం తరవాత అన్ని కంపెనీల ఫ్యాషనూ అయింది. దాచిన ఆదేశాలు, రెండు లోకాలు, తీసేసిన ఎంపిక, వీటిమీద ఫిర్యాదులు మాత్రం ఆ పనులు సరిదిద్దేదాకా ఆగలేదు. స్టోర్ మీద అనుమానం ఇంకా అలాగే ఉంది.

మిగతా చోట్ల ఇదే కథ

విండోస్ 8 ఒక్కటే ఈ దారి పట్టలేదు. 2011 ఏప్రిల్‌లో లినక్స్ లోకంలో గ్నోమ్ 3 అనే కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. కిటికీలను చిన్నవి, పెద్దవి చేసే బొత్తాలు తీసేశారు. విచిత్రమేమంటే అక్కడా షట్‌డౌనే దాక్కుంది. మెనూలో సస్పెండ్ మాత్రమే కనిపించేది, ఆల్ట్ మీట నొక్కి పట్టుకుంటేనే పవర్ ఆఫ్‌గా మారేది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగా దుమ్మెత్తిపోసి కొన్నాళ్ళు ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు వెళ్ళిపోయాడు, తరవాత పొడిగింపులు తగిలించుకుని గ్నోమ్‌కే తిరిగొచ్చాడు. ఇక్కడ ఒక తేడా ఉంది. అది అందరికీ తెరిచిన కోడ్ కాబట్టి, పాత గ్నోమ్ 2ను పట్టుకుని మాటే అనే ప్రాజెక్టు పుట్టింది, లినక్స్ మింట్ వాళ్ళు సినమన్ అనే సొంత డెస్క్‌టాప్ తయారుచేసుకున్నారు. నచ్చనివాళ్ళు అరవడంతో ఆగకుండా వేరు కాపురం పెట్టేశారు. విండోస్ వాడుకరికి ఆ దారి లేదు, అందుకే అక్కడ కేకలు ఎక్కువ.

2013లో ఐఫోన్లకు ఐఓఎస్ 7 వచ్చినప్పుడు కూడా విమర్శలు పెద్దగానే వచ్చాయి. ఐకాన్లు చిన్నపిల్లల బొమ్మల్లా ఉన్నాయన్నారు, అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయన్నారు. కొన్నాళ్ళకు మొదటి మాట అందరూ మర్చిపోయారు, ఎందుకంటే ఏ బొమ్మ ఎక్కడుండాలో అక్కడే ఉంది, పని ఏదీ ఆగలేదు. తెర కదలికలతో కళ్ళు తిరుగుతున్నాయన్నవాళ్ళ ఫిర్యాదు మాత్రం శరీరానిది. అలవాటు దాన్ని మాన్పదు. యాపిల్ ఆ కదలికలు తగ్గించే సెట్టింగ్‌ను త్వరలోనే మెరుగుపరిచింది.

2025లో యాపిల్ తెచ్చిన గాజులాంటి కొత్త రూపం లిక్విడ్ గ్లాస్‌ను కూడా ఇలాగే విడదీసి చూడవచ్చు. మెరుపు ఎక్కువైందన్న మాట నిలవదని నా అంచనా. గాజు వెనక వాల్‌పేపర్ కనిపిస్తుంటే పైనున్న అక్షరాలు చదవలేకపోతున్నామన్నది వేరే సంగతి, అది చూపుకు సంబంధించినది. ఆ తేడా కంపెనీకీ తెలిసినట్టే ఉంది. సెప్టెంబరులో ఐఓఎస్ 26 విడుదల చేసి, నవంబరులో 26.1తోనే గాజును మసకబార్చుకునే ఎంపిక ఇచ్చింది.

మైక్రోసాఫ్ట్ సంగతి అలా కాదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో టాస్క్‌బార్‌ను పైకో పక్కకో మార్చుకునే వీలు తీసేశారు. ఒకే ప్రోగ్రాము కిటికీలను విడివిడిగా, పేర్లతో చూపించే ఏర్పాటు కూడా పోయింది, దాన్ని తిరిగి తెచ్చేసరికి 2023 అయింది. టాస్క్‌బార్‌ను జరుపుకోనివ్వమని అడిగినవాళ్ళకు 2022లో విండోస్ బృందం నుంచి వచ్చిన జవాబు, అలా అడిగేవాళ్ళు మిగతా కోరికలు కోరేవాళ్ళతో పోలిస్తే చాలా కొద్దిమంది అని.